పానకం తాగిన గ్యాసు ట్యాంకు

ముందు పోయినవి రాస్తాను. టోపీ కింద నిల్వ ఉన్న తొమ్మిది గీతల గ్యాసు పోయింది. ఏడాదిన్నరగా పెంచుకొచ్చిన ఆరు వేల లీటర్ల రొచ్చు పులిసిపోయింది. రెండు బర్నర్ల మంట పోయింది. ముప్పై ఎనిమిది క్యారేజీల్లో పదకొండు వేరే మెస్సుకి వెళ్లిపోయాయి. పన్నెండు ఇళ్లలో నాలుగిళ్లవాళ్లు కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ వేరుగా తీసి ఇవ్వడం మానేశారు. మా వదిన గొంతు సగం పోయింది. ఇవి లెక్కకి అందినవి. సందులో మాకున్న పరువు ఎంత పోయిందో కొలవడానికి నా దగ్గర గిన్నె లేదు.

బెంగాలీల ఈ రైల్వే ఊళ్లో, ఇందా అనే పేటలో నాకు కిరాణా కొట్టు ఉంది. బడిలో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పినవాణ్ణి. కొట్లో కూర్చుని తూకం పట్టాక అంకెలు వాటంతటవే వచ్చి పక్కన కూర్చున్నాయి. ఏది చూసినా ఎంత, ఎన్ని, ఎన్నాళ్లకి అని మనసు అడుగుతూనే ఉంటుంది. మా ఇల్లు అదే ఊళ్లో తాల్‌బగీచాలో. అన్నయ్య పోయాక వదిన పక్క వాటాలోనే ఉంటూ, ఊళ్లోని పెద్ద ఇంజనీరింగు కాలేజీలో చదివే తెలుగు పిల్లలకి మధ్యాహ్నం క్యారేజీలు పంపడం మొదలుపెట్టింది. పప్పు, పులుసు, ఒక వేపుడు, గడ్డ పెరుగు. వంటంతా బొగ్గుల పొయ్యి మీద. కొన్నేళ్లకి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టి చూసి, ఇంక బొగ్గు పొగలో కూర్చుంటే మెట్లు ఎక్కడం కూడా కష్టమవుతుందని చెప్పాడు.

బయటికొచ్చాక, క్యారేజీలు మానెయ్ వదినా అన్నాను.

"మానీసి? నీ కొట్లో పొట్లాలు కట్టమంటావేటి?" అంది. "పొయ్యి మార్సు బాబూ. నన్ను మార్సకు."

ఇంట్లో సిలిండరు ఉంది. కానీ ముప్పై ఎనిమిది మంది వంటకి అది వారం తిరక్కుండా ఖాళీ అయ్యేది. తరువాతది వచ్చేదాకా మళ్లీ బొగ్గే. సరిగ్గా ఆ రోజుల్లో మా సందుకి గ్యాసు ట్యాంకు వచ్చింది. పన్నెండు ఇళ్లకీ కలిపి ఉన్న పాత సెప్టిక్ ట్యాంకు ప్రతి వానకీ పొంగి మెట్ల మీదికి వచ్చేది. వార్డులో ఒక పథకం కింద దాని పక్కనే ఇటుకలతో గుండ్రటి గొయ్యి కట్టి, దాని మీద ఫైబరు డ్రమ్ము ఒకటి బోర్లించారు. దాన్నే మేం టోపీ అంటాం. లోపల గ్యాసు పుడితే టోపీ పైకి లేస్తుంది, వాడుకుంటే దిగుతుంది. దాని మీద నాలుగు వేళ్లకొకటి చొప్పున ఎర్ర రంగుతో గీతలు గీశాను. గొయ్యికి రెండు నోళ్లు. ఒక దాంట్లోంచి మరుగుదొడ్ల మడ్డి వెళుతుంది. రెండోది తిండికి: తొక్కలు, గంజి, పిల్లలు క్యారేజీల్లో వదిలేసిన అన్నం, బెంగాలీ ఇళ్ల చేప పొట్టు. రోజుకి ముప్పై కిలోలు, అంతకు మించకూడదని కట్టినవాళ్లు చెప్పి వెళ్లారు. గొట్టం వదిన వంటింట్లోకి వేశారు, ఎందుకంటే సందులో అంత గ్యాసు ఖర్చయ్యే వంటిల్లు అదొక్కటే.

మొదట్లో ఎగతాళి పాలయ్యాం. "దొడ్లోది పొయ్యిలోకొచ్చిందట" అని నవ్వినవాళ్లే కొన్నాళ్లకి నీలంగా వెలిగే మంట చూసి, తొక్కల బకెట్లు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడాదిన్నర వదిన బొగ్గు ముట్టుకోలేదు. రాత్రి గోడ అవతల దగ్గు తగ్గడం నాకు తెలుస్తూనే ఉండేది.

అంతలో శ్రీరామనవమి వచ్చింది.

మా సందులో తెలుగిళ్లు ఏడు. చిన్న పందిరి వేసి, కల్యాణం చేసి, సందు మొత్తానికీ పానకం, పులిహోర పంచుతాం. ఆ ఏడు ఎండకి జనం తగ్గారు. మూడు గుండిగల పానకం, రెండు గుండిగల పులిహోర మిగిలిపోయాయి. ప్రసాదాన్ని కాలవలో పొయ్యకూడదు, ఎవరి కాలైనా తగులుతుంది. ఆవులకి పెడదామంటే సందు చివర ఉన్నవి రెండే. నేను కొట్లో ఉన్నాను. ఆ మధ్యాహ్నం జరిగిన మాటలు సాయంత్రం వాళ్లే నాకు చెప్పారు.

దారి చూపించింది వదినే. "ట్యాంకులో పోసెద్దాం. గ్యాసయితాది, గ్యాసు మంటయితాది. మంటంటే అగ్గి గదా. సామి సొమ్ము సామికే సేరతాది."

ఎదురింటావిడ కొంచెం వెనకాడింది. "మరి ఆ కడుపులో ఇంకోటి కూడా ఉంటాది గదప్పా?"

"నువ్వు అటేపు సూడకే. ఈ నోరు ఏరు, ఆ నోరు ఏరు."

తిండి నోటికి పసుపు రాసి బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఐదు గుండిగలూ పోశారు. నేను విని, ముప్పై కిలోలు తినేదానికి ఒక్కపూటలో రెండొందల పైచిలుకు పోశారే అని లెక్క వేశాను. కానీ మరునాడు పొద్దున నేను గీసిన గీతలే నన్ను మోసం చేశాయి. టోపీ పదకొండో గీత దాటి నిలబడింది. అంత ఎత్తుకి అది ఎన్నడూ లేవలేదు. సందంతటినీ పిలిచి చూపించాను. ఈ ఊళ్లో ప్రతి మగాడూ ఇంకొకడికి దాదాయే, అంటే అన్న. పక్కింటి దాదా, రైల్వేలో పనిచేసి రిటైరైన బెంగాలీ ఆయన, మా సందు కమిటీకి సెక్రటరీ, గోడ మీంచి తొంగి చూసి, "వాహ్! రామ్‌జీ కా గ్యాస్!" అని చప్పట్లు కొట్టాడు.

వదిన వంటింట్లోకి వెళ్లి గొట్టం చెవి తిప్పి అగ్గిపుల్ల గీసింది. బర్నరు బుస్సుమంది, పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ అంతే. నాలుగో పుల్ల దగ్గర నా మొహంలోకి చూసింది. పదకొండు గీతల గ్యాసు ఉంది, ఒక్క పుల్లని నిలబెట్టే మంట లేదు. మధ్యాహ్నానికి సందులో వాసన మొదలైంది. మామూలు మరుగుదొడ్డి వాసనైతే ముక్కు అలవాటు పడేది. ఇది పాడైన ఆవకాయ జాడీ మూత తీసినట్టు పుల్లగా గొంతులోకి దిగేది.

వదిన క్యారేజీలు తినేవాళ్లలో వరంగల్ అమ్మాయి ఒకతె ఉంది. కాలేజీలో మురికినీళ్లు శుభ్రం చేసే పద్ధతుల మీద పరిశోధన చేస్తోంది. ఆదివారం క్యారేజీ తిరిగివ్వడానికి వచ్చి, సందు మొదట్లోనే ఆగి ముక్కు ఎగరేసింది. సాయంత్రం మళ్లీ వచ్చి, రంగు మారే కాగితం ముక్క ఒకటి రొచ్చులో ముంచి తీసింది. ఆకుపచ్చగా ఉండాల్సింది పసుపుగా మారింది.

"పుల్లగయ్యిందన్నా," అంది. "లోపల రెండు తీర్ల పురుగులుంటయి, కంటికి కనవడనియి. ఒకటి తీపి తిని పులుపు ఇడుస్తది, మస్తు తొందర దానికి. రెండోది ఆ పులుపు తిని మండే గ్యాసిస్తది, అది నిమ్మళంగ పనిచేస్తది. మీరు పానకం పోసిన్రు. మొదటిది ఒక్క దినంల అంత తాగేసింది. రెండోది ఆ పులుపుల మునిగింది."

"మరి టోపీ లేచింది కదమ్మా?"

"లేస్తది. గది మండని గ్యాసు. సోడా బుడ్డీల ఉంటది చూడు, గది."

ఏం చెయ్యాలో కూడా చెప్పింది. మేత ఆపాలి. మడ్డిని కొన్నాళ్లు పాత సెప్టిక్ ట్యాంకుకే మళ్లించాలి. పులిసినదాంట్లో కొంత తీసేసి, సున్నం కొద్దికొద్దిగా కలపాలి. బాగా నడుస్తున్న ఇంకో ట్యాంకు నుంచి బతికున్న రొచ్చు తెచ్చి, పాలకి తోడు వేసినట్టు వెయ్యాలి.

"ఎన్నాళ్లకి మంటొస్తుంది?" అన్నాను.

"అది చెప్పరాదన్నా. వస్తే నెల, రెండు నెలలు. రాకపోవచ్చు కూడ."

"అలాగనకమ్మా," అంది వదిన. "ఈ బాబుకి ఒక అంకె సెప్పీ. నేకపోతే నిద్దరట్టదు."

అంకె దాదా చెప్పాడు. మరునాడు కమిటీవాళ్లతో వచ్చి నిలబడ్డాడు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. నలభై ఏళ్లు తెలుగువాళ్లతో డ్యూటీ చేసినవాడు కాబట్టి మాతో తెలుగే మాట్లాడతాడు, తన పద్ధతిలో.

"గొంధొ, దాదా! ఏం గొంధొ ఇది, ఏం కంపు! నా గోడ పక్కనే. జమాయి షష్ఠికి నా ఇద్దరు అల్లుళ్లు వస్తారు. ఇలిష్ చేప ముందు పెట్టి ముక్కు మూసుకో అని చెప్పాలా నేను?"

జమాయి షష్ఠి అంటే బెంగాలీలు అల్లుళ్లని పిలిచి విందు పెట్టే రోజు. నవమి తరువాత రెండు నెలలకి వస్తుంది. అప్పటికి మంటా రాకపోతే, వాసనా పోకపోతే, గొయ్యి మట్టితో పూడ్చేసి మోటారు సైకిళ్లు పెట్టుకునే జాగా చేస్తామని కమిటీ తీర్మానం.

"ఠీక్ హై దాదా," అంది వదిన. "మంటొస్తే నీ అల్లుల్ల సేపముల్లు మా ట్యాంకుకే ఎయ్యాల. మాటేనా?"

"మాటే," అన్నాడు దాదా రుమాలు లోపల్నుంచి.

ఆ రోజే అటక మీద నుంచి బొగ్గుల పొయ్యి దించింది వదిన.

బతికున్న రొచ్చు కోసం ఇంకో పేటైన సుభాష్‌పల్లిలో పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. చుట్టరికం లేదు. మా కొట్లో చిట్టూ తవుడూ కొంటుంది, ఆ వరసన పెద్దమ్మ. పలాస వైపు నుంచి పెళ్లయి వచ్చి, తొమ్మిది గేదెలతో పాల వ్యాపారం చేస్తుంది. పాక వెనక పేడతో నడిచే చిన్న గ్యాసు గొయ్యి ఉంది, దాని మీదే పాలు కాస్తుంది. నేను కొట్టు కట్టేసి, వెనక చెక్క బల్ల ఉండే వ్యాను రిక్షాలో రెండు నీలం డబ్బాలు వేసుకుని వెళ్లేసరికి చీకటి పడింది. యాభై లీటర్ల డబ్బాలవి.

పెద్దమ్మ డబ్బాలకేసి చూసింది, గుమ్మంలో దీపంకేసి చూసింది. "ఇయ్యను," అంది.

"డబ్బాకి డబ్బా తిరిగిచ్చేస్తాను పెద్దమ్మా."

"ఇత్తావు. నానేటి కాదన్నానా? దీపాలెట్టీసినాను నాయనా. పేడ లచ్చిమి. దీపాలెట్టినాక లచ్చిమిని గడప దాటిస్తానేటి? పెరుగే ఇయ్యను, పేడిస్తానా?"

"అక్కడ మా వదిన బొగ్గు పొగలో ఉంది."

"తెల్సు. దగ్గు ఇనొచ్చినాను. అందుకే సెప్తన్నాను, పొద్దున్న రా. మంచి గడియలో తీసుకెల్లినదే బతుకుతాది."

రెండు ఖాళీ డబ్బాలతో వెనక్కొచ్చాను. పొద్దున్నే నా కొట్టుకి టీ బడ్డీల వాళ్లు పంచదారకీ పాలపొడికీ వస్తారు. రోజు బేరంలో మూడో వంతు ఆ గంటల్లోదే. కానీ పెద్దమ్మతో వాదించి గెలిచినవాళ్లని నేను చూడలేదు. కొట్టు ఆలస్యంగా తెరుస్తానని పక్క కొట్టాయనకి చెప్పి, పొద్దున్నే బయల్దేరాను.

ఒక్కో విడతకి రెండే డబ్బాలిచ్చింది. ఎక్కువ అడిగితే, "నీదాన్ని బతికించడానికి నాదాన్ని సంపమంటావేటి?" అంది. అది న్యాయమే. ఇందా మీదుగా వ్యాను వస్తుంటే బస్సు కండక్టరు కిందికి దిగి నిలబడి, "ఓ దాదా, మిఠాయి తీసుకెళ్తున్నావా?" అని అరిచాడు. మూత మీద కూర్చుని వస్తున్నాను నేను, కుదుపుకి ఒలకకుండా. మిఠాయే అన్నాను. ఐదు విడతలు రెండేసి, ఆరో విడత ఒకటి. మొత్తం పదకొండు డబ్బాలు.

అంతకుముందే పులిసినదాంట్లో ఐదో వంతు తోడి, సందు వెనక గోతిలో పోసి సున్నం చల్లి కప్పాను. ట్యాంకులోకి సున్నం గుప్పెడు గుప్పెడుగా నీళ్లలో కలిపి పోశాను. ఎక్కువైతే అదీ చంపుతుందట. రొచ్చుని పొడుగాటి వెదురుతో రోజూ పొద్దునా సాయంత్రం కలిపాను. వరంగల్ అమ్మాయి వచ్చినప్పుడల్లా కాగితం ముంచేది. ముదురు పసుపు, లేత పసుపు, మళ్లీ ముదురు పసుపు. మండని గ్యాసు వదిలేశాక టోపీ నాలుగో గీత దగ్గర కదలకుండా కూర్చుంది. ఇదివరకు గీత చూసి సంతోషించేవాణ్ణి. ఇప్పుడు గీత వైపు చూడటం మానేసి, గొట్టం చివర పుల్ల గీసి చూడటం నేర్చుకున్నాను.

గోడ అవతల వదిన దగ్గు మళ్లీ వినిపిస్తోంది. వేసవి, బొగ్గు పొయ్యి, ముప్పై ఎనిమిది గిన్నెల పప్పు. వంట ఆలస్యమవుతుందని పదకొండు మంది పిల్లలు వేరే చోటికి వెళ్లిపోయారు. ఉన్న ఇరవయ్యేడూ చాలు, ఇంకా తగ్గించు అన్నాను.

"నా లెక్క ముప్పై ఎనిమిది," అంది బొంగురు గొంతుతో. "పోనోల్లని వెనక్కి తేవాల. నువ్వు నీ వెదురు తిప్పు. పోసింది నానైతే, నీకేల అంత మొకం సిన్నబుచ్చుకోడం?"

వెదురు తిప్పాను. నాకు ఇంకో దారి కనపడలేదు. ఆ గొయ్యి పూడితే వదిన ఆ పొగలోంచి బయటికి రాదు, మానదు కూడా.

కాగితం ఆకుపచ్చ వైపు మళ్లిన వారంలో ఒక పొద్దున పుల్ల ఆరలేదు. గొట్టం చివర నీలంగా ఏదో అంటుకుని, అటూ ఇటూ ఊగి, నేను పది లెక్కపెట్టేలోగా పోయింది. ఎవరికీ చెప్పలేదు. మరునాడు ముప్పై దాకా నిలిచింది. మూడో నాడు లెక్క ఆపి వదినని పిలిచాను. ఆవిడ మంట చూసింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని, బొగ్గుల పొయ్యి మీద కుండెడు నీళ్లు కుమ్మరించింది. కాలుతున్న మట్టి పొయ్యి నడిమికి చీలింది.

"ఇంకా వంటకి సరిపడా రాలేదు వదినా!" అన్నాను.

"వస్తాది. సిలిండరుతో తోసీ అందాకా."

మేత ఐదు కిలోలతో మొదలుపెట్టాం. గంజి, తొక్కలు మాత్రమే. వారానికోసారి కొద్దిగా పెంచాం. తిండి నోటి దగ్గర వదినే కాపలా. చింతపండు పిప్పి, పుల్లటి మజ్జిగ, ఊరగాయ, మిగిలిన పాయసం ఎవరు తెచ్చినా బకెట్లో చెయ్యి పెట్టి వెతికి మరీ తిప్పి పంపేది. ఎదురింటావిడ ఒకసారి పులుసు ముక్కలు దాచి తెచ్చి దొరికిపోయింది. "పులుసు నీ మొగుడికెట్టే," అంది వదిన. "ఇది పత్తెంలో ఉంది."

జమాయి షష్ఠి నాటికి టోపీ ఆరో గీత మీద ఉంది, ఒక బర్నరు నిండుగా మండుతోంది. వాసన పాత వాసనకి దిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాదా కొత్త ధోవతి కట్టుకుని, ఎడం చేత్తో బకెట్టు దూరంగా పట్టుకుని వచ్చాడు. నిండా ఇలిష్ ముళ్లు.

"నావొ దీదీ, తీసుకో," అన్నాడు. "ఇద్దరు అల్లుళ్లూ బాగా తిన్నారు."

వదిన బకెట్టు తూచింది, పైన రెండు కిలోలు తీసి పక్కన పెట్టింది. "ఇయి రేపు. ఇయ్యాల దీని వాటా అయిపోనాది."

పోయినవాటిలో కొన్ని తిరిగొచ్చాయి. పదకొండు క్యారేజీల్లో తొమ్మిది, నాలుగిళ్లలో నాలుగూ. ఎక్స్‌రే మరీ పాడవలేదన్నాడు డాక్టరు. గొంతు మాత్రం ఆ బొంగురు దగ్గరే ఆగిపోయింది.

ఇక పెద్దమ్మ బాకీ. వానాకాలం మొదలయ్యాక పదకొండు డబ్బాలూ చేరవేశాను, పొద్దుటి పూటే. ఆవిడ ఒక్కో డబ్బాలో వేపపుల్ల ముంచి పైకి తీసేది. రొచ్చు పుల్లకి పట్టుకుంటే జమ. జారిపోతే జమ కాదు. వానల్లో మా ట్యాంకులోకి నీళ్లు చేరి మూడు డబ్బాలు పల్చబడ్డాయి.

"ఎనిమిది ముట్టినాయి," అంది. "మూడు నీల్లు. నానిచ్చింది నీల్లు కాదు."

వానలు వెలిశాక చిక్కటివి మూడు తయారు చేసి వ్యానులో వేసుకుని వెళ్లాను. పుల్ల నిలబడేంత చిక్కన. పెద్దమ్మ చూసి తల ఊపింది గానీ దింపనివ్వలేదు.

"అట్టుకెల్లిపో. నాకిప్పుడేల? ఉన్నది ఉంది. నా గేదెలు ముసిలియి అయిపోనాయి. ఏనాడో నా గొయ్యి సచ్చిపోతే నానెక్కడికెల్తాను? నా మూడు డబ్బాలూ నీ ట్యాంకులోనే ఉండనీ. దాన్ని సావనీకు, అంతే."

"మరి బాకీ అలాగే ఉండిపోతుంది కదా పెద్దమ్మా."

"ఉంటే ఉండనీ. నువ్వు మర్సిపోయేవోడివేటి?"

మర్చిపోలేదు. డబ్బాలు వెనక్కి తెచ్చి ట్యాంకులో పోసేశాను. ఇప్పటికి రెండు నవములు వెళ్లాయి. మిగిలిన పానకం సందు చివర ఉన్న ఆ రెండు ఆవులకీ, సందులో ఉన్న ప్రతి మొక్కకీ దోసెడు దోసెడు పోయించింది వదిన. ఈ పొద్దున పుల్ల గీస్తే రెండు బర్నర్లూ అంటుకున్నాయి. టోపీ ఎనిమిదో గీత మీద ఉంది. సుభాష్‌పల్లికి మేం ఇవ్వవలసింది మూడు డబ్బాలు, చిక్కనివి.